కళ్లు తెరవని కుక్కపిల్లలకు హెర్పిస్ గండం: ఈ ఆరు వారాలు ఇలా కాచుకోండి

పోయిన జనవరిలో హన్మకొండలో మా ఇంట్లో కుక్క ఆరు పిల్లల్ని పెట్టింది. ఎనిమిదో రోజు సాయంత్రం ఒక పిల్ల పాలు మానేసి ఒకటే ఏడుపు, తెల్లారేసరికి పోయింది. తర్వాత రెండు రోజుల్లో ఇంకో మూడు. ఒళ్లు కాలట్లేదు కదా, చలికే అయ్యుంటుంది అనుకున్నాను. అది కుక్కల్లో వచ్చే హెర్పిస్ వైరస్ అని అన్నీ అయిపోయాకే తెలిసింది. మీ ఇంట్లో కుక్క కడుపుతో ఉంటే ఇప్పుడే చదవండి, పిల్లలు ఏడవడం మొదలయ్యాక మన చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

పెద్ద కుక్కకు ఇది సోకితే కాస్త జలుబు, చాలాసార్లు అదీ ఉండదు. కానీ ఈ వైరస్ చల్లటి ఒంట్లోనే బాగా పెరుగుతుంది. పెద్ద కుక్క ఒంటి వేడి 38 డిగ్రీలు దాటి ఉంటుంది, మొదటి వారంలో పిల్లకు 35 నుంచి 37 మధ్యే, పైగా దానికి వణికి వేడి పుట్టించుకోవడం కూడా రాదు. అందుకే పుట్టిన మూడు వారాల్లోపు సోకితే లివరు, కిడ్నీలు, ఊపిరితిత్తులు అన్నీ దెబ్బతిని ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఈనేటప్పుడు తల్లి నుంచి రావచ్చు, తర్వాత తల్లి ముక్కు చీమిడి నుంచో వేరే కుక్క నుంచో కూడా అంటుకోవచ్చు.

కాబట్టి ఈనడానికి మూడు వారాల ముందు నుంచి, ఈనాక మూడు వారాలయ్యేదాకా తల్లిని వేరే కుక్కల దగ్గరికి పోనివ్వొద్దు. గల్లీలో షికారు బంద్. పిల్లల్ని చూద్దామని వచ్చే వాళ్లింట్లో కుక్క ఉంటే మొహమాటపడకుండా తర్వాత రమ్మనండి, మీరు కూడా వేరే కుక్కను ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి. సబ్బుకు, బ్లీచింగ్ నీళ్లకు ఈ వైరస్ తేలిగ్గా చస్తుంది. మనుషులకు ఇది రాదు, ఆ టెన్షన్ వద్దు.

ఇక అసలు పని వెచ్చదనం. చలికాలంలో మన దగ్గర బండలు రాత్రికి ఐసులా అవుతాయి, వాటి మీద ఒక్క పాత చీర పరిచి వదిలేస్తే సరిపోదు (మేం చేసింది అదే). పెద్ద అట్టపెట్టెలో అడుగున గోనెసంచి, దాని మీద మందపాటి దుప్పటి వేసి, ఒక మూలకు పైన బల్బు కట్టండి. పిల్లలు పడుకునే చోట మొదటి వారం 29 నుంచి 32 డిగ్రీలుండాలి, ఒక థర్మామీటర్ అక్కడే పెట్టండి. రెండో మూల చల్లగానే ఉండాలి, వేడెక్కువైతే పిల్ల పాక్కుంటూ అటు పోతుంది. అన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పపడితే చలి, దూరం దూరంగా పడి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, ఆ పొగే చంపేస్తుంది.

పుట్టిన గంటల్లోనే ముర్రుపాలు తాగేలా చూడండి. రోజూ వంటింటి కాటా మీద తూచి రాసుకోండి, బరువు పెరగని రోజు వస్తే అదే మొదటి హెచ్చరిక.

ఆగని ఏడుపు, పాలు మానేయడం, పసుపుపచ్చగా పలుచటి విరేచనం, పొట్ట ముట్టుకుంటే మూలగడం, ముక్కు కారడం, చర్మం మీద ఎర్ర చుక్కలు కనిపిస్తే పొద్దున చూద్దాం అనుకోవద్దు, జ్వరం లేదని అస్సలు ఆగొద్దు. వెచ్చగా చుట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. చల్లబడ్డ పిల్లకు పాలు పట్టకండి, అరగవు, ముందు మెల్లగా ఒళ్లు వెచ్చబడనివ్వండి. యాంటీబయాటిక్ ఈ వైరస్‌ను చంపదు, మన దగ్గర వేసే పార్వో, డిస్టెంపర్ టీకాలు దీన్ని ఆపవు.

పిల్ల చనిపోతే వెంటనే పూడ్చేయకండి. కవర్లో చుట్టి ఐసు మధ్య పెట్టి (గడ్డకట్టించొద్దు) వరంగల్ దగ్గరి మామునూరు వెటర్నరీ కాలేజీలో అడగండి, పోస్ట్‌మార్టంలో కిడ్నీల మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తే మిగిలిన వాటికి ఏం చేయాలో డాక్టర్‌కు తెలుస్తుంది. తల్లిని వదిలించుకోకండి, ఒకసారి సోకిన తల్లి ముర్రుపాల వల్ల తర్వాతి ఈతలో పిల్లలకు సాధారణంగా రక్షణ దొరుకుతుంది.

బతికిన వాటిని కూడా కొన్ని నెలలు గమనించండి, చూపు, నడక, కిడ్నీలు దెబ్బతిని ఉండొచ్చు. మా ఇంట్లో మిగిలిన రెండింట్లో ఒకటి ఇప్పటికీ పక్కకు ఒరుగుతూ నడుస్తుంది, దాని గిన్నె గోడ పక్కనే పెడుతున్నాం.