అడవి బాతుల్లో ఆడా మగా, వయసూ తేల్చే ముందు జాగ్రత్తలు

– ముందు ఏ నెలో చూసుకోండి. గుడ్ల కాలం ముగిశాక మగ బాతులు రంగు ఈకలు రాల్చేసి కొన్ని వారాలపాటు దాదాపు ఆడవాటిలాగే కనిపిస్తాయి. ఒంటి రంగు చూసి "అన్నీ ఆడవే" అని రాసేయకండి.

– అప్పుడు నమ్మాల్సింది ముక్కునీ, రెక్కనీ. మాలార్డ్ అనే బాతు జాతిలో ఎదిగిన మగదాని ముక్కు పసుపుపచ్చగానే ఉంటుంది. ఆడదానికి నారింజ రంగు మీద నల్లటి మచ్చలు. విజియన్ అనే మరో బాతు జాతిలో ఎదిగిన మగదాని రెక్క ముందుభాగంలో తెల్లటి పట్టీ ఏడాదంతా ఉంటుంది, తొలి శీతాకాలంలో ఉన్న మగపిల్లకు ఉండదు. అందుకే రెక్క విప్పేదాకా ఓపిక పట్టాల్సిందే.

– వయసుకు తోక చూడండి. ఈక కొనలో నొక్కు ఉంటే ఆ ఏడాది పిల్లే. ఆ ఈకలు తర్వాత రాలిపోతాయి, కాబట్టి నొక్కు లేనంత మాత్రాన పెద్దదని అనుకోవద్దు.

– ఎండ మీ వీపు వైపు ఉండాలి.

– దగ్గరికెళ్ళి బెదరగొట్టొద్దు. రెక్క ఈకలన్నీ ఒకేసారి రాల్చుకున్న బాతు ఎగరలేదు, పాపం.