మగపిల్లవాడికి పాటీ కుర్చీ ఎంచుకునేటప్పుడు చూడవలసినవి

పిల్లవాడికి డైపరు మాన్పించాలని అనుకోగానే చాలా ఇళ్ళలో ముందుగా దుకాణంలో ముచ్చటగా కనిపించిన పాటీని, అంటే పిల్లలు మలమూత్రాలకు కూర్చునే చిన్న కుర్చీని, కొని తెస్తారు. నిజానికి కొనేముందు గట్టిగా పరీక్షించవలసినవి రెండే విషయాలు. కూర్చున్నప్పుడు పిల్లవాడి రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. ముందువైపు అంచు మూత్రం బయటికి చిమ్మకుండా ఆపాలి, అయితే అతని ఒంటికి ఒరుసుకోకూడదు. రంగులు, బొమ్మలు, చక్రాలు, పాటలు అన్నీ వీటి తరువాతే.

కొనడానికి తొందరపడనక్కరలేదు. పగటిపూట రెండు గంటలైనా డైపరు పొడిగా ఉండటం, తడిసిందనో దొడ్డికి వస్తోందనో మాటతో గానీ సైగతో గానీ చెప్పగలగడం, నిక్కరు తానే కిందికి లాక్కోబోవడం వంటి సూచనలు సాధారణంగా పద్దెనిమిది నెలలకూ మూడేళ్ళకూ మధ్య కనిపిస్తాయి. మగపిల్లలు కాస్త ఆలస్యంగా నేర్చుకోవడం కూడా మామూలే. అమెరికాకు చెందిన పిల్లల వైద్యుడు బెర్రీ బ్రేజల్టన్ 1,170 మంది పిల్లల వివరాలను పరిశీలించి 1962లో ప్రచురించిన వ్యాసంలో, ఈ అలవాటు పూర్తిగా పట్టుబడటానికి ఆడపిల్లల కంటే మగపిల్లలకు సగటున రెండున్నర నెలలు ఎక్కువ పట్టిందని నమోదు చేశారు. కాబట్టి అక్క ఈ వయసుకే నేర్చుకుందని తమ్ముణ్ణి తొందరపెట్టడం న్యాయం కాదు.

మన ఇళ్ళలో అమ్మమ్మలు, నాయనమ్మలు పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పసివాణ్ణి తమ పాదాల మీద కూర్చోబెట్టి "ఉస్స్" అంటూ అలవాటు చేయడం చాలామంది చూసే ఉంటారు. అలా కూర్చున్న పిల్లవాడికి కింద ఆధారం ఉంటుంది, మోకాళ్ళు నడుము కంటే పైకి ముడుచుకుని ఉంటాయి, ఒళ్ళు కొద్దిగా ముందుకు వంగి ఉంటుంది. పాటీ కూడా ఇదే భంగిమను ఇవ్వాలి. కాళ్ళు గాలిలో వేలాడుతుంటే పిల్లవాడు పడిపోకుండా తనను తాను బిగబట్టుకుంటాడు, ఆ బిగింపులో మలద్వారం చుట్టూ ఉన్న కండరాలు సడలవు, దొడ్డికి రావడం కష్టమవుతుంది. మోకాళ్ళు కొంచెం ఎత్తుగా ఉంటే పెద్దపేగు చివరనున్న వంపు తిన్నగా అయి, పెద్దగా ముక్కకుండానే పని జరుగుతుంది.

అందుకే దుకాణానికి వెళ్ళేముందు పిల్లవాణ్ణి చెప్పులు లేకుండా నిలబెట్టి, మడమ నుంచి మోకాలి వెనుక మడత వరకు టేపుతో కొలవండి. కూర్చునే చోటు ఎత్తు ఆ కొలతకు సమానంగానో, ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువగానో ఉండాలి. ఆన్‌లైన్‌లో కొనేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి, ఎందుకంటే వివరాలలో ఇచ్చే ఎత్తు చాలాసార్లు వీపు ఆనించే భాగంతో కలిపి చెప్పినదై ఉంటుంది. సీటు ఎత్తు విడిగా ఇవ్వకపోతే అమ్మేవారిని అడిగి తెలుసుకున్నాకే కొనండి.

ఇక మగపిల్లవాడికి ప్రత్యేకంగా కావలసింది ముందు అంచు. కూర్చుని మూత్రం పోసేటప్పుడు ధార ముందుకు, పైకి పోతుంది కాబట్టి అక్కడ అంచు కాస్త ఎత్తుగా లేచి ఉండాలి. కొన్ని రకాలలో ఈ అడ్డును విడిగా తగిలిస్తారు. అది కూర్చునేటప్పుడో లేచేటప్పుడో పిల్లవాడి మర్మాంగానికి తగిలి నొప్పి కలిగిస్తుంది, ఒక్కసారి నొప్పి పుడితే వాడు మళ్ళీ పాటీ దగ్గరికే రాకపోవచ్చు. అందువల్ల గిన్నెలో భాగంగానే పోతపోసి, అంచులు గుండ్రంగా, నున్నగా ఉన్నదాన్ని ఎంచుకోవడం మేలు. కొనేముందు ఆ అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి, గరుకు తగిలితే వదిలేయండి. అంచు ఎంత బాగున్నా, మర్మాంగాన్ని వేలితో కిందికి వంచి పట్టుకోవాలని పిల్లవాడికి నేర్పవలసిందే.

అడుగుభాగం వెడల్పుగా ఉండి, జారకుండా రబ్బరు పట్టీలు ఉంటే పిల్లవాడు దభాలున కూర్చున్నా పాటీ ఒరగదు. గిన్నె పైకి సులువుగా ఊడి రావాలి, లోపల మూత్రం నిలిచే సందులు ఉండకూడదు. గిన్నె లేత రంగుదైతే మలంలో రక్తం గానీ మూత్రం రంగులో మార్పు గానీ వెంటనే కంటబడుతుంది. పాటలు పాడే వాటిలో బ్యాటరీల చోటు తడవకుండా చూసుకోవాలి, శుభ్రం చేయడమూ కష్టమే. కారు, గుర్రం ఆకారాల్లో ఉన్నవాటిపైకి నిక్కరు కిందికి లాక్కున్న పిల్లవాడు కాలు దాటించి ఎక్కవలసి వస్తుంది, పైగా అది వాడికి ఆటబొమ్మ అయిపోతుంది. నా అభిప్రాయంలో సాదా కుర్చీయే ఉత్తమం.

కమోడు మీద పెట్టే చిన్న సీటు స్థలం తక్కువగా ఉన్న ఫ్లాట్లకు అనువైనదే, అయితే అది కమోడు ఆకారానికి కదలకుండా అమరాలి, పాదాలు ఆనేందుకు కింద గట్టి స్టూలు తప్పనిసరిగా ఉండాలి. గోడకు అంటించే బుల్లి యూరినల్ మొదట కొనకండి. ఈ వయసులో మలం, మూత్రం రెండూ ఒకేసారి రావడం మామూలు కాబట్టి, ముందు అన్నింటికీ కూర్చోవడమే అలవాటు కావాలి, నిలబడటం తరువాత నేర్పవచ్చు.

పాటీ తెచ్చాక మొదటి కొన్ని రోజులు బట్టలతోనే దానిమీద కూర్చోనివ్వండి. ఆ తరువాత జిప్పు లేని, నడుముకు ఎలాస్టిక్ ఉన్న నిక్కర్లు తొడగండి, ఎందుకంటే జిప్పులో చర్మం ఇరుక్కుంటే గాయమవుతుంది. కడిగేటప్పుడు మర్మాంగపు ముందు చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకూడదు, పైపైన కడిగితే చాలు. గిన్నెలోని మలాన్ని మరుగుదొడ్డిలో పోసి, గిన్నెను సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టి, మీరూ పిల్లవాడూ చేతులు కడుక్కోండి. పాటీని బాత్‌రూములో ఉంచితే అక్కడ నీళ్ళు నింపిన బకెట్టు ఎప్పుడూ ఉంచవద్దు, ఈ వయసు పిల్లలు తలకిందులుగా పడితే కొద్ది నీటిలోనైనా మునిగిపోతారు.

అన్నీ సరిపోయినా పిల్లవాడు పాటీని చూసి ఏడుస్తున్నా, కాళ్ళు బిగించి దొడ్డికి ఆపుకుంటున్నా, మలం గట్టిగా ఉండలుగా వస్తున్నా పాటీని మార్చి ప్రయోజనం లేదు. శిక్షణ కొన్ని వారాలు ఆపి, మలబద్ధకం గురించి పిల్లల వైద్యునికి చూపించండి.