మా చిట్టికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు

మా పిల్లి చిట్టికి 12 ఏళ్లు. ఒకరోజు పొద్దున్నుంచీ ఇసుక ట్రేలోకి వెళ్తోంది, వస్తోంది. కూర్చున్నప్పుడల్లా రెండు చుక్కలే. మూత్రం తగిలి గడ్డకట్టే ఇసుక ముద్ద గోళీకాయంత, అందులో ఎర్రటి జీర. నాకు టెన్షన్ పెరిగి ఇంట్లో మిగిలిన మాత్ర వేయబోతే అమ్మ ఆపింది. ఎంత మంచి పని చేసిందో!

తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి బుట్టలో తీసుకెళ్లాం. డాక్టరుగారు సన్నని సూదితో నేరుగా మూత్రాశయం నుంచే శాంపిల్ తీశారు. ట్రేలోంచి పడితే బయటి క్రిములు కలుస్తాయట. కల్చర్‌లో, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షలో, ఈ.కోలై అనే బాక్టీరియా వచ్చింది. రక్తపరీక్షలో కిడ్నీలు కాస్త బలహీనంగా ఉన్నాయని తేలింది. ముసలి పిల్లులకు ఇన్ఫెక్షన్ రావడానికి అదొక కారణం. వయసులో ఉన్న పిల్లులకు ఇవే లక్షణాలున్నా చాలాసార్లు బాక్టీరియా ఉండదు, యాంటీబయాటిక్ దండగ.

బరువును బట్టి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ 5 రోజులు రాశారు. మాత్ర నాలుక వెనక పెట్టి, వెంటనే సిరంజితో కొంచెం నీళ్లు పోసేదాన్ని, గొంతులో అతుక్కోకుండా. రెండో రోజుకే హుషారైనా కోర్సు మధ్యలో ఆపలేదు.

మగపిల్లి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, అది ప్రాణాపాయం.

ఇప్పుడు ఇసుక ముద్ద మళ్లీ నిమ్మకాయంత. రోజూ చూస్తున్నాను.