కొండవాలు స్కీయింగ్ వద్దనుకున్నవారికి మినెసోటా చలికాలపు ఆటలు

అమెరికాలోని మినెసోటాకు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు మొదటి చలికాలంలోనే స్కీ వాలుకు వెళ్లి, టికెట్టుకూ అద్దె సామానుకూ బోలెడు ఖర్చు పెట్టి, పడుతూ లేస్తూ సగం రోజు గడిపి, ఇక మంచు జోలికి పోకూడదని నిశ్చయించుకోవడం చాలాసార్లు చూశాను. ఈ రాష్ట్రంలో పెద్ద పర్వతాలు లేవు. ఉన్నవి వేల సరస్సులు, అడవులు, చిన్న చిన్న మిట్టపల్లాలు. ఇక్కడి నేలకు సరిపడే ఆటలు వేరే ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు స్నోషూలతో, అంటే మంచులో నడవడానికి బూట్ల కింద కట్టుకునే చట్రాలతో, మొదలుపెట్టమంటాను. వెడల్పైన ఆ చట్రం ఒంటి బరువును ఎక్కువ మంచు మీదికి పంచుతుంది కాబట్టి మోకాళ్లలోతు మంచులోనూ కాలు అంతగా కూరుకుపోదు. బూటు ముందుభాగాన్ని పట్టీలతో బిగించి, మడమ వెనుక పట్టీని కూడా గట్టిగా లాగి కట్టాలి. మడమ మాత్రం పైకి లేచేలా స్వేచ్ఛగా ఉండాలి. ఒక చట్రం రెండోదాని మీద పడకుండా కాళ్లు కాస్త ఎడంగా వేయాలి. వెనక్కి నడిస్తే చట్రం తోక మంచులో గుచ్చుకుని పడిపోతారు కనుక, వెనుదిరగాలంటే అర్ధచంద్రాకారంలో తిరిగి రావాలి. చాలా స్టేట్ పార్కుల్లో ఇవి అద్దెకు దొరుకుతాయి. మొదటి రోజుకు రెండు కిలోమీటర్లు చాలు, ఎందుకంటే మామూలు నడకలో పని పడని తొడ కండరాలు మర్నాటికి నొప్పి పెడతాయి.

తర్వాతి మెట్టు క్రాస్‌కంట్రీ స్కీయింగ్, అంటే కొండవాలు దిగడం కాకుండా చదునైన, మిట్టపల్లాల బాటల్లో స్కీలపై జారుతూ సాగడం. ఇందులో బూటు వేళ్ల దగ్గర మాత్రమే స్కీకి అతుక్కుంటుంది. మైనం రాయనక్కర్లేని రకం స్కీల అడుగున, పాదం కిందుగా చేపపొలుసుల్లాంటి గరుకు గీతలుంటాయి. బరువు మోపినప్పుడు అవి మంచును పట్టి, వెనక్కి జారకుండా ముందుకు తోస్తాయి. బాటలో యంత్రంతో నొక్కిన రెండు సమాంతర గాడులు కనిపిస్తాయి. వాటిలో స్కీలు పెట్టి, ఒక కాలి మీద పూర్తిగా బరువు వేసి జారుతూ, ఆ జారుడు తగ్గేలోపు రెండో కాలికి మారడమే ఇందులోని అసలు కిటుకు. పల్లంలో వేగం తగ్గాలంటే స్కీల ముందు కొసలను దగ్గరచేసి మడమలను బయటికి నెట్టాలి. ఆ గాడుల మీద స్నోషూలతో నడవకండి, వెనుక వచ్చేవారి దారి పాడవుతుంది. స్టేట్ పార్కుల స్కీ బాటల్లో 16 ఏళ్లు, ఆపైన ఉన్నవారికి స్కీ పాస్ తప్పనిసరి. మినియాపొలిస్ నగరంలోని థియోడర్ వర్త్ పార్కులో 2024 ఫిబ్రవరిలో ప్రపంచ కప్ పోటీలే జరిగాయి. 2018 ఒలింపిక్స్‌లో కికన్ రాండల్‌తో కలిసి ఈ ఆటలో అమెరికాకు తొలి స్వర్ణం తెచ్చిన జెస్సీ డిగ్గిన్స్ ఈ రాష్ట్రపు ఆడపడుచే.

పిల్లలున్నవారికి ఐస్ స్కేటింగ్ కూడా మంచిదే, కానీ నగరం సిద్ధంచేసిన రింకుల్లోనే మొదలుపెట్టండి. సరస్సు మీద అడుగు పెట్టాలంటే కొత్తగా గట్టిపడిన స్వచ్ఛమైన మంచుగడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉండాలి. తెల్లగా ఉన్న గడ్డకు అందులో సగం బలమే ఉంటుంది కాబట్టి రెట్టింపు మందం చూసుకోవాలి. వాగులు కలిసేచోట, వంతెనల కింద గడ్డ పలుచగా ఉంటుంది. ఒకవేళ గడ్డ విరిగి నీళ్లలో పడితే, వచ్చిన వైపుకే తిరిగి, కాళ్లాడిస్తూ పైకి పాకి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం జరగాలి.

ఇక బట్టల సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నా మొదటి నడకకు జీన్స్, నూలు బనీను వేసుకుని వెళ్లాను. అరగంటలో చెమటకు బనీను తడిసి, ఆగిన మరుక్షణం వీపు గడ్డకట్టినట్లయింది. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా పాలిస్టర్, దానిపై ఫ్లీస్, పైన గాలి ఆపే జాకెట్ వేసుకుని, నడక మొదట్లో కాస్త చలి అనిపించేలా బయల్దేరాలి. చెమట పట్టకముందే ఒక పొర తీసి సంచిలో పెట్టుకోవాలి. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌లో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే, కప్పుకోని చర్మం 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. కాబట్టి ముక్కు, చెవులు, వేళ్ల కొసలు తెల్లబడి మొద్దుబారితే వెంటనే లోపలికి వెళ్లాలి, వాటిని రుద్దకూడదు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది కనుక, మూడు గంటలకల్లా వెనుదిరగండి, తల దీపం ఒకటి జేబులో ఉంచుకోండి.