కట్ట విప్పించాకే డబ్బు కట్టండి: కేబుల్ బిల్లు, కాలేజీ ఫీజు

మొన్న కాలేజీలో ఇచ్చిన ఫీజు రసీదు, ఈ నెల కేబుల్ బిల్లు రెండూ తీసి పక్కపక్కన పెట్టుకోండి. రెండింట్లోనూ ఒక పెద్ద అంకె, దాని పక్కన ఏమీ తెలియనివ్వని ఒక మాట ఉంటాయి. కేబుల్ బిల్లులో 'ఫ్యామిలీ ప్యాక్', కాలేజీ రసీదులో 'అదర్ ఫీజు'. మనకు కావాల్సినదాన్ని అక్కర్లేని వాటితో కలిపి ఒక కట్టగా కట్టి, మొత్తానికి ఒకే ధర చెప్పి, తీసుకుంటే అంతా తీసుకో లేకపోతే లేదు అంటున్నారు. మాది అనంతపురం, మా పాప ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ మూడో ఏడు చదువుతోంది. ఈ కట్టను విప్పించడం ఎట్లాగో నేను రెండేళ్లు తిరిగి నేర్చుకున్నాను, మీరు అన్ని రోజులు తిరగకూడదని రాస్తున్నాను.

కేబుల్‌తో మొదలుపెట్టండి. అది చిన్న మొత్తం, అడగడం అలవాటవుతుంది.

మా వీధిలో కేబుల్ అబ్బాయి నెల మొదటివారంలో గేటు దగ్గర బండి ఆపి, దిగకుండానే "అక్కా, మూడొందల ఎనభై" అంటాడు. నేనూ ఏళ్ల తరబడి ఇచ్చేశాను. నిజానికి 2019 ఫిబ్రవరి 1 నుంచి, టెలికాం, కేబుల్ టీవీలను నియంత్రించే ట్రాయ్ సంస్థ నిబంధన ప్రకారం ఏ ఛానెల్ కావాలో ఎంచుకునే హక్కు చూసేవాళ్లదే, ప్రతి పే ఛానెల్‌నూ విడిగా అమ్మాల్సిందే. బిల్లులో ప్రధానంగా ఉండాల్సినవి మూడు: ఛానెళ్లను ఇంటిదాకా చేర్చినందుకు తీసుకునే నెట్‌వర్క్ ఛార్జీ, మీరు ఎంచుకున్న పే ఛానెళ్ల ధర, ఆ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ. నెట్‌వర్క్ ఛార్జీకి మొదట్లో 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు అనే పరిమితి ఉండేది. 2024 జులైలో ఆ పరిమితి తీసేశారు కాబట్టి, ఇప్పుడు మీ ఆపరేటర్ ఎంత వేస్తున్నాడో అడిగి తెలుసుకోవాల్సిందే.

ఒక వారం పాటు టీవీ పక్కన గోడకు తెల్లకాగితం అంటించి, పెన్ను దారానికి కట్టి వేలాడదీయండి. ఎవరు ఏ ఛానెల్ చూసినా పేరు రాయాలి. మా ఇంట్లో వారం తిరిగేసరికి పదకొండు పేర్లు వచ్చాయి. మా అత్తమ్మ పొద్దున్నే పెట్టుకునే ఎస్‌వీబీసీ, వార్తల ఛానెళ్లు కలిపి ఏడు ఫ్రీ ఛానెళ్లే, వాటికి విడిగా ధర లేదు. మిగిలింది నాలుగు పే ఛానెళ్లు. ఒక్కోటి 19 రూపాయలు వేసుకున్నా 76, నెట్‌వర్క్ ఛార్జీ 130 కలిపితే 206, పన్నుతో 243. నేను కడుతున్నది 380. నెలకు 137 అంటే ఏడాదికి 1,644 రూపాయలు ఊరికే పోతున్నాయి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ఒకే కంపెనీవి ఆరేడు పే ఛానెళ్లు మీరు నిజంగా చూస్తుంటే, విడిగా కొనేకంటే ఆ కంపెనీ ప్యాకే చవక పడొచ్చు. అందుకే కాగితం ముందు, నిర్ణయం తర్వాత. క్రీడల ఛానెళ్లను క్రికెట్ ఉన్న నెలల్లో వేయించుకుని, అయిపోగానే తీయించేయండి.

కేబుల్ అబ్బాయి "సిస్టమ్‌లో విడిగా రాదక్కా" అంటాడు. అతన్ని కోప్పడకండి, పైనుంచి ఏ ప్యాక్ చెప్తే అది వేసే జీతగాడు అతను. సెట్‌టాప్ బాక్స్ మీద ఉన్న నంబరు రాసుకుని, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, తీసేయాల్సిన ప్యాక్ పేరు, వేయాల్సిన ఛానెళ్ల పేర్లు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. వారంలో మార్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. టీవీ అంతగా చూడని ఇల్లయితే డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకుంటే డిష్షు, బాక్సు ఖర్చు ఒక్కసారే, నెలనెలా కట్టేది ఏమీ ఉండదు. ఫోన్ రీఛార్జిలో, ఇంటర్నెట్ ప్లాన్‌లో కలిపి ఇచ్చే ఓటీటీలనూ ఒకసారి చూసుకోండి, ఒకే యాప్‌కు రెండు చోట్ల కడుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇక కాలేజీ. ఇక్కడ మాట్లాడాల్సింది చాలా ఉంది, ఎందుకంటే ఇక్కడ పోయేది వందలు కాదు, పైగా పిల్లల చదువు వాళ్ల చేతిలో ఉందన్న భయంతో మనం నోరెత్తం.

పాప రెండో ఏడాదిలో ఉన్నప్పుడు ట్యూషన్ ఫీజు కాక 'అదర్ ఫీజు' కింద 18,500 కట్టమన్నారు. ఆఫీసు బయట సిమెంటు బెంచీ మీద నా పక్కన కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నాడు. శనక్కాయలు అమ్మిన దుడ్లు తువ్వాలు కొసకు ముడివేసి తెచ్చుకున్నాడు. కిటికీ దగ్గరికి పిలిచినప్పుడల్లా ముడి విప్పి లెక్కపెట్టి మళ్లీ ముడి వేస్తున్నాడు, వాళ్లేమో ప్రతిసారీ ఇంకో అంకె చెప్తున్నారు. అది దేనికి అని ఆయన ఒక్కసారీ అడగలేదు. నేనూ ఆరోజు అడగలేదు, కట్టేసి వచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీరు సీటు తీసుకోకముందే చేయాల్సింది ఒకటుంది. మన రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీల ఫీజును ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫార్సు మీద ప్రభుత్వం కాలేజీల వారీగా ఖరారు చేసి జీవో ఇస్తుంది. ఆ జీవోలో మీ కాలేజీ పేరున్న పేజీ ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో కమిషన్‌కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. సీటు కన్వీనర్ కోటాదా, మేనేజ్‌మెంట్ కోటాదా అన్నది కూడా కాగితం మీదే చూసుకోండి. మేనేజ్‌మెంట్, స్పాట్ అడ్మిషన్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "తర్వాత చూసుకుందాంలే" అన్న ఏజెంటు మాట విని చేరి, నాలుగేళ్లు సొంతంగా కట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

చేరాక, విడివిడిగా లెక్క రాయించుకోవాలి. నోటితో అడిగితే కసురుకుంటారు కాబట్టి నాకు పనికొచ్చిన దారి చెప్తాను. బ్యాంకులో విద్యారుణానికి అడుగుతున్నాం, ఫీజు స్ట్రక్చర్ లెటర్ కావాలి అని అర్జీ ఇవ్వండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఏ పద్దు కింద ఎంతో రాసివ్వమని బ్యాంకులు అడగడం మామూలే, ఆ కాగితం ఇవ్వడానికి ఆఫీసులో ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పరు. లోను నిజంగా అవసరమేమో కూడా అప్పుడే ఆలోచించుకోండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఏడున్నర లక్షల వరకు రుణానికి ప్రభుత్వ హామీ ఉంది, కానీ ఎంపిక చేసిన సంస్థలకే వర్తిస్తుంది, మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

నాకు ఆ లెటర్ చేతికొచ్చినప్పుడు చూస్తే, 18,500లో 6,000 సీఆర్టీ, అంటే క్యాంపస్ ఉద్యోగాల ఎంపికకు సిద్ధం చేసే ట్రైనింగ్‌కట. అది మూడో ఏడాదిలో గానీ మొదలుకాదు. ఇంకో 2,500 'స్కిల్' అని ఉంది, అదేంటో పాపకే తెలియదు. ప్రతి పద్దుకూ రెండే ప్రశ్నలు అడగండి: ఇది జీవోలో ఉందా, ఇది తీసుకోకపోతే పరీక్ష రాయనివ్వరా? బస్సు, హాస్టలు, ట్రైనింగ్, లాప్‌టాప్ లాంటివి వద్దనుకునే హక్కు మనకుండాలి. వద్దనుకున్నవి పేరుపేరునా రాసి ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. నేను మూడుసార్లు తిరిగాక ఆ 6,000 తర్వాతి ఏడాది ఫీజులో సర్దారు. రసీదు లేకుండా నగదు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. తప్పక కట్టాల్సి వస్తే బ్యాంకు ద్వారా కట్టి, 'అభ్యంతరంతో కడుతున్నాం' అని అదేరోజు ఒక అర్జీ ఇచ్చేయండి. ఇంట్లో పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే ఉద్యోగి ఉంటే, పన్ను మినహాయింపు ట్యూషన్ ఫీజుకే వస్తుంది, డొనేషన్‌కూ డెవలప్‌మెంట్ ఫీజుకూ రాదు. రసీదులో పద్దులు విడిగా ఉండాలనడానికి అదొక కారణం.

సీటు మానుకుంటే డబ్బు పోయినట్టేనని చాలామంది వదిలేస్తారు. డిగ్రీ, పీజీ కాలేజీలకు యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ ఉంది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు, అంతకు ముందే మానుకుంటే ఫీజంతా వెనక్కివ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 దాటకుండా పట్టుకోవచ్చు. 15 రోజుల లోపైతే 90 శాతం, ఆఖరి తేదీ దాటిన 15 రోజుల వరకు 80, నెల లోపు 50, ఆ తర్వాత ఏమీ రాదు. కోర్సు మొత్తం ఫీజు ముందే కట్టించుకోకూడదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదు అని కూడా అందులోనే ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలు సర్టిఫికెట్లు ఉంచుకోవడం, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ కూడా ఒప్పుకోదు.

రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదని హాల్ టికెట్ ఆపితే ఒక్కరే వెళ్లకండి. అదే ఇబ్బందిలో ఉన్న నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి సంతకాలు పెట్టి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ జ్ఞానభూమిలో దరఖాస్తు ఏ దశలో ఉందో ప్రింటు తీసి జతచేసి, ముందు ప్రిన్సిపాల్‌కు, తర్వాత యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు ఇవ్వండి. మన వైపు ఇంజనీరింగ్‌కైతే చాలా కాలేజీలకు అది జేఎన్‌టీయూ అనంతపురమే. అర్జీలో సుప్రీంకోర్టు మాట ఒకటి రాయండి. 2022 నవంబరు 7న మన రాష్ట్రపు వైద్య కళాశాలల కేసులోనే, ఏడాది ఫీజును ఏడు రెట్లు పెంచి 24 లక్షలు చేసిన జీవోను తప్పుబడుతూ, విద్య లాభాల కోసం చేసే వ్యాపారం కాదని, ట్యూషన్ ఫీజు ఎప్పుడూ అందుబాటులో ఉండాలని చెప్పింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామా అని అడుగుతారు. కేబుల్‌కైతే వెళ్లొచ్చు, కాలేజీల విషయంలో చదువు 'సేవ' కిందికి రాదన్న తీర్పులు ఉన్నాయి కాబట్టి ఆ దారి నమ్ముకోవద్దని నా మాట.

ప్రిన్సిపాల్, రిజిస్ట్రార్ దగ్గర కూడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పొద్దున్నే వెళ్లండి. జీవో పేజీ, ఫీజు లెటర్, రసీదులు, ముద్ర వేయించిన అర్జీల జిరాక్సులు తేదీల వరుసలో పెట్టి కుట్టించుకుని వెళ్లండి, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి. అర్జీ తీసుకున్నాక కంప్యూటర్లో ఎక్కించి నంబరున్న రసీదు ఇస్తారు. అది చేతికి రాకుండా ఆ హాలు దాటకండి.