డ్రోసోఫిలా ఖండితాలను చూడడం, హాక్స్ జన్యువులతో లెక్క కట్టడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ కళాశాలల్లో జంతుశాస్త్రం చదివే విద్యార్థులు చాలామంది హాక్స్ జన్యువుల (శరీరంలో ఏ భాగం ఏ రూపం పొందాలో నిర్ణయించే జన్యువుల) పేర్లను వరస తప్పకుండా అప్పజెప్పగలరు. కానీ "ఫలానా జన్యువు పనిచేయకపోతే ఈగ ఎలా ఉంటుంది?" అని ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే ఆగిపోతారు. పేర్లు ముందు, ఈగ తర్వాత అన్న క్రమంలో చదవడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో క్రమాన్ని తిరగేస్తున్నాను. ముందు ఈగను, అంటే పండ్ల మీద వాలే చిన్న డ్రోసోఫిలాను, చూడాలి, తర్వాత దాని ఖండితాలను (శరీరంలో ఒకదాని వెనుక ఒకటిగా ఉండే భాగాలను) కాగితం మీద గీయాలి, జన్యువులను ఆ గీతలో నింపడం చివరి పని.

ఈగలను సంపాదించడం కష్టం కాదు. బాగా ముగ్గిన అరటిపండును, ఉద్దానం ప్రాంతంలోనైతే పనస తొనలను, పలాస వైపు కాపు సమయంలో జీడిమామిడి పండును ఒక గాజు సీసాలో వేసి, మూతి దగ్గర కాగితపు గరాటు అమర్చి నీడలో ఉంచితే ఒకటి రెండు రోజుల్లో ఈగలు చేరతాయి. తర్వాత గరాటు తీసి దూది బిరడా పెట్టాలి. పండు మీద చిటికెడు ఈస్ట్ చల్లితే డింభకాలకు (గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగులకు) మంచి మేత దొరుకుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్డు నుంచి రెక్కల ఈగ రావడానికి సుమారు 10 రోజులు పడుతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే మగ ఈగలు వంధ్యమవుతాయి, సంతానం పడిపోతుంది. కనుక మన ఎండాకాలంలో మామూలు గదిలో ఈ పని పెట్టుకోకుండా నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య చేయడం మేలు. మామిడి తోటల్లో రైతులు పండు ఈగ అని పిలిచేది దీనికంటే పెద్దది, వేరే కుటుంబానికి చెందినది. మనకు కావలసింది మూడు మిల్లీమీటర్లకు మించని, ఎర్ర కళ్ళున్న చిన్న ఈగ. తల మీద, ఉరం (తలకూ పొట్టకూ మధ్య భాగం) మీద తెల్లని నిలువు చారలున్నవి జాప్రియోనస్ అనే వేరే ప్రజాతివి, వాటిని పక్కన పెట్టాలి.

ఈగలున్న పరీక్షనాళికను దంచిన మంచులో కొన్ని నిమిషాలు ఉంచితే అవి కదలడం మానేస్తాయి. మంచు మీద పెట్టిన పళ్ళెంలో వడపోత కాగితం పరచి వాటిని దాని మీదికి జారవిడిచి, పది రెట్లు పెంచి చూపే కటకంతో పక్క నుంచి చూడాలి. రెక్క మొదలుకు కొంచెం వెనుక, పొట్ట ఆరంభమయ్యే చోటుకు ముందు, సన్నని కాడ చివర లేత రంగు బుడిపె ఒకటి కనిపిస్తుంది. అదే హాల్టీర్. ఎగిరేటప్పుడు శరీరం ఎటు తిరుగుతోందో పసిగట్టి తూకం నిలిపే అవయవమిది. చాలా కీటకాల్లో రెండో జత రెక్కలు ఉండే స్థానం ఇదేనని గమనించాలి. తర్వాత మగ ఈగ ముందు కాలిని తీసి సూక్ష్మదర్శినిలో పెడితే, పాదం మొదటి కణుపు మీద నల్లని దళసరి ముళ్ళు దువ్వెన పళ్ళలా వరసగా కనిపిస్తాయి. డ్రోసోఫిలా మెలనోగాస్టర్ జాతిలో ఇవి సుమారు పది ఉంటాయి. ఇదే లైంగిక దువ్వెన. రెండో, మూడో జత కాళ్ళకు ఇది ఉండదు. ఈ రెండు గుర్తులూ స్వయంగా చూసిన విద్యార్థికి మిగతా లెక్క సులువవుతుంది.

ఇక కాగితం తీసుకుని తలను వదిలేసి పదకొండు గళ్ళు గీయాలి: ఉరానికి మూడు, ఉదరానికి ఎనిమిది. ఉరం మొదటి గడిలో సెక్స్ కోంబ్స్ రెడ్యూస్డ్, రెండో గడిలో ఆంటెన్నాపీడియా, మూడో గడిలోనూ ఉదరం మొదటి గడిలోనూ అల్ట్రాబైథోరాక్స్, ఉదరం రెండు నుంచి నాలుగు వరకు అబ్డామినల్-ఎ, అయిదు నుంచి ఎనిమిది వరకు అబ్డామినల్-బి అని రాయాలి. నిజానికి ఈ జన్యువుల హద్దులు ఒక ఖండితం వెనుక సగాన్నీ, తర్వాతి ఖండితం ముందు సగాన్నీ కలుపుకొని పోతాయి. ముందు గళ్ళలోని జన్యువులు వెనుక గళ్ళలోనూ కొంతవరకు పనిచేస్తాయి. కానీ లెక్క నేర్చుకునేవారికి ఈ సరళమైన గీత చాలు. మూడో క్రోమోజోమ్ మీద ఈ జన్యువులు ఉన్న వరస, శరీరంలో ముందు నుంచి వెనుకకు అవి పనిచేసే వరస ఒకటే కావడం వల్ల గళ్ళు నింపడానికి జ్ఞాపకశక్తి మీద పెద్దగా ఆధారపడనక్కర లేదు.

ఖండితాలను ఏర్పరచే జన్యువులు, వాటికి గుర్తింపునిచ్చే జన్యువులు ఒకటి కావని ఇక్కడే స్పష్టం చేసుకోవాలి. తల్లి ఈగ గుడ్డు ముందు కొనలో ఉంచిన బైకాయిడ్ ఆర్‌ఎన్‌ఏ, దాని తర్వాత హంచ్‌బ్యాక్, క్రుపెల్ వంటి గ్యాప్ జన్యువులు (పిండాన్ని ముందుగా పెద్ద భాగాలుగా విడదీసేవి), ఏడు చారలుగా కనిపించే ఈవెన్-స్కిప్డ్, పద్నాలుగు చారల ఎన్‌గ్రెయిల్డ్ కలిసి పిండాన్ని ఖండితాలుగా విడదీస్తాయి. హాక్స్ జన్యువులు పోయినా ఖండితాల సంఖ్య మారదు, వాటి పోలిక మాత్రమే మారుతుంది. మొదటి పనికి సంబంధించిన జన్యువులను వెలికితీసిన క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్ట్, ఎరిక్ వీషాస్‌లకు, రెండో పనిని దశాబ్దాల పాటు శోధించిన ఎడ్వర్డ్ లూయిస్‌కు 1995లో నోబెల్ బహుమతి కలిపి ఇచ్చారు.

లెక్క కట్టే సూత్రం చిన్నది. ఒక గడిలోని జన్యువును కొట్టివేస్తే ఆ గడి తన ముందు గడి పోలికను పొందుతుంది. ఒక జన్యువును దాని సొంత చోటుకు ముందున్న గడిలో పనిచేయిస్తే ఆ గడి వెనుక గడి పోలికను పొందుతుంది. ఒకే కణంలో రెండు హాక్స్ జన్యువులు ఉంటే సాధారణంగా వెనుక భాగానికి చెందినదే పైచేయి సాధిస్తుంది.

మొదటి అభ్యాసంగా ఉరం మూడో గడిలో అల్ట్రాబైథోరాక్స్‌ను కొట్టివేయండి. ఆ గడి రెండో గడిలా మారుతుంది, హాల్టీర్ల స్థానంలో మరో జత రెక్కలు వస్తాయి. ఈ దిశలో కొంతమేర మార్పు చూపిన బైథోరాక్స్ అనే ఉత్పరివర్తనాన్ని (జన్యువులో వచ్చిన మార్పును) కాల్విన్ బ్రిడ్జెస్ 1915లోనే గుర్తించాడు. నిండుగా నాలుగు రెక్కలున్న ఈగను లూయిస్ తన సంకరణాల ద్వారా రూపొందించాడు. అయితే జన్యువు పూర్తిగా పోతే రెక్కల ఈగ కాకముందే ప్రాణం పోతుంది. నాలుగు రెక్కల ఈగలో పాడైనవి ఆ జన్యువును ఉరం మూడో ఖండితంలో పనిచేయించే నియంత్రణ భాగాలు మాత్రమే, కాబట్టి అది బతుకుతుంది.

పరీక్షలో ఎక్కువమంది పొరబడేది కూడా ఇక్కడే. కొత్త రెక్కలు వచ్చాయి కాబట్టి ఏదో జన్యువు అదనంగా చేరిందని రాస్తారు. జరిగింది దానికి విరుద్ధం. డ్రోసోఫిలాలో రెక్క ఏర్పడడానికి హాక్స్ జన్యువు అవసరం లేదు. మూడో ఖండితంలో అల్ట్రాబైథోరాక్స్ రెక్కకు కావలసిన అనేక జన్యువులను అణచివేస్తుంది, అందుకే అక్కడ హాల్టీర్ మిగులుతుంది. అలాగని దాన్ని రెక్కలను ఆపే జన్యువు అనడం కూడా సరికాదు. సీతాకోకచిలుక వెనుక రెక్కలో ఇదే జన్యువు పనిచేస్తున్నా అక్కడ రెక్క పూర్తిగా ఏర్పడుతుంది. దాని ఆజ్ఞకు లోబడే జన్యువులు ఒక్కో కీటక వంశంలో ఒక్కో రకంగా మారాయి.

రెండో అభ్యాసానికి స్పర్శశృంగాలను (తల మీది మీసాలను) తీసుకోండి. వాటిని ఇచ్చే కణాల్లో హాక్స్ జన్యువేదీ పనిచేయదు. అక్కడ ఆంటెన్నాపీడియా పనిచేయడం మొదలుపెడితే తల మీద కాళ్ళు మొలుస్తాయి. రెండో జత కాలు పెరిగే కణాల్లో అదే జన్యువు లేకపోతే కాలు స్పర్శశృంగం పోలిక తెచ్చుకుంటుంది. ఉదరానికి కాళ్ళు లేకపోవడానికి కారణం కూడా అణచివేతే. కాలికి ఆరంభమైన డిస్టల్‌లెస్ జన్యువును అల్ట్రాబైథోరాక్స్, అబ్డామినల్-ఎ అక్కడ పనిచేయనివ్వవు.

మూడో అభ్యాసం లైంగిక దువ్వెనతో చేయాలి. మగ ఈగకు రెండో, మూడో జత కాళ్ళ మీద కూడా దువ్వెనలు కనిపిస్తే ఏ జన్యువు చెడినట్టు? గీత చూస్తే సెక్స్ కోంబ్స్ రెడ్యూస్డ్ తన గడి దాటి వెనుకకు వచ్చిందని తెలుస్తుంది. కానీ తరచుగా చెడేది అది కాదు, దాన్ని ఇతర ఖండితాల్లో పనిచేయకుండా మూసి ఉంచే పాలీకోంబ్ జన్యువు. గ్యాప్ జన్యువుల ప్రోటీన్లు కొద్ది గంటల్లోనే కనుమరుగైనా, అవి నిర్ణయించిన మూసివేత ఈగ పెద్దదయ్యేదాకా నిలవడానికి పాలీకోంబ్ వర్గం జన్యువులు కావాలి. కనుక జవాబులో ఎప్పుడూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: జన్యువే చెడిందా, దాని కట్టడి చెడిందా?

చివరి లెక్కను విద్యార్థులు సొంతంగా కట్టి చూడవచ్చు. అల్ట్రాబైథోరాక్స్ ఉరం రెండో గడిలో పనిచేస్తే ఈగకు రెక్కలు ఉంటాయా? సూత్రం ప్రకారం రెక్కల స్థానంలో హాల్టీర్లు రావాలి. కాంట్రాబైథోరాక్స్ అనే ఉత్పరివర్తనంలో రెక్కలు సరిగ్గా ఆ దిశలోనే మారతాయి.