కౌంటీ బడ్జెట్ మీటింగ్‌లో షెరీఫ్ పద్దు గురించి మాట్లాడటం ఎలా?

ఆగస్టు, సెప్టెంబర్ వచ్చాయంటే టెక్సస్ కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఒకటే వాదన: షెరీఫ్‌కి, అంటే కౌంటీ పోలీసు అధికారికి, ఎంత, మిగతా సేవలకు ఎంత? హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో ఇది మరీ ఘాటుగా సాగుతుంది. 2020 లెక్కల ప్రకారం అక్కడి జనాభా 47 లక్షలకు పైనే మరి. షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీల జీతాలు పెంచమని ఒకరంటారు, ఆ డబ్బు మానసిక వైద్యానికి పెట్టమని ఇంకొకరంటారు. హ్యూస్టన్ పక్క కేటీలోనో డాలస్ పక్క ఫ్రిస్కోలోనో ఉండే మనవాళ్లం మాత్రం ఇంటి పన్ను బిల్లు చూసి వాట్సాప్‌లో విసుక్కోవడంతో ఆగిపోతాం. బడ్జెట్ మీటింగ్‌లో మైకు మనకూ ఉంది. ఓటు హక్కు లేకపోయినా, హెచ్1బీ వీసా మీద ఉన్నా మాట్లాడొచ్చు. రాష్ట్ర చట్టం ఆ హక్కును ప్రజల్లో ఎవరికైనా ఇచ్చింది.

1. వెళ్తున్న ఆఫీసు సరైనదేనా చూసుకోండి

డాలస్ దగ్గరి ప్లేనో వీధుల్లో తిరిగేది సిటీ పోలీసులు. వాళ్ల బడ్జెట్ సిటీ కౌన్సిల్ చేతిలో ఉంటుంది. కౌంటీ జైలు, ఏ సిటీలోకీ రాని ప్రాంతాల్లో గస్తీ షెరీఫ్ చూసుకుంటాడు. చిరునామాలో కేటీ అని రాసుకునే కాలనీలు చాలా వరకు కేటీ సిటీలో లేనే లేవు, అక్కడివాళ్లు కౌంటీకే వెళ్లాలి. అక్కడ కాన్‌స్టేబుల్ అంటే మన ఊరి స్టేషన్లో లాఠీ పట్టుకున్న కానిస్టేబుల్ కాదు, ఓట్లు వేయించుకుని గెలిచిన అధికారి. అలాగే బడ్జెట్ తేల్చే ‘కమిషనర్స్ కోర్టు’ ప్రధానంగా కేసులు వినే కోర్టు కాదు, ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కూర్చునే పాలకమండలి. స్కూల్ పన్ను గొడవ ఇక్కడ ఎత్తకండి, అది స్కూల్ డిస్ట్రిక్ట్‌ది.

2. ఒక్క పద్దు పట్టుకోండి

బడ్జెట్ వందల పేజీలు ఉంటుంది. అంతా చదవక్కర్లేదు. షెరీఫ్ శాఖలో జైలు ఖర్చు, గస్తీ ఖర్చు విడదీసి చూడండి. ఆ తర్వాత ఓవర్‌టైమ్ దగ్గర ఆగండి, నా లెక్కన అసలు కథంతా అక్కడే ఉంటుంది. టెక్సస్ నిబంధనల ప్రకారం 48 మంది ఖైదీలకు కనీసం ఒక జైలర్ ఉండాలి. జైలర్ ఉద్యోగాలు ఖాళీగా ఉంటే ఉన్నవాళ్లే అదనపు షిఫ్టులు చేయాలి, లేదా ఖైదీలను డబ్బిచ్చి వేరే చోటికి పంపాలి. హ్యారిస్ కౌంటీ పక్క రాష్ట్రం లూయిజియానాకు కూడా పంపింది. కాబట్టి పోయినేడాది ఓవర్‌టైమ్‌కి రాసిందెంత, నిజంగా ఖర్చయిందెంత, ఈ ఏడాది రాసిందెంత అన్న మూడు అంకెలు చీటీ మీద రాసుకోండి.

3. అడిగేది జరిగే పనేనా?

2021లో వచ్చిన చట్టం ప్రకారం 10 లక్షల జనాభా దాటిన కౌంటీ శాంతిభద్రతల నిధులకు కోత పెట్టాలంటే ముందు ఓటర్ల అనుమతి తీసుకోవాలి. 2020 లెక్కల్లో ప్లేనో ఉన్న కాలిన్ కౌంటీ కూడా ఆ గీత దాటింది. అందుకని “షెరీఫ్ బడ్జెట్ తగ్గించండి” అంటే వినేవాళ్లు తల ఊపి ఊరుకుంటారు. ఈ ఏడాది కొత్తగా పెంచే సొమ్ము ఎటు పోతోందని అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది.

4. పేరు ఇచ్చి, ముక్కుసూటిగా మాట్లాడండి

అజెండాలో బడ్జెట్ ఐటెమ్ నంబర్ చూసుకుని పేరు నమోదు చేయించుకోండి. మామూలుగా రెండు మూడు నిమిషాలు ఇస్తారు, జనం ఎక్కువైతే ఇంకా తగ్గించవచ్చు. ఇలా మొదలుపెట్టండి (ప్రెసింక్ట్ అంటే మీ కమిషనర్ నియోజకవర్గం):

“నేను ఫలానా ప్రెసింక్ట్‌లో ఉంటాను. ఫలానా పేజీలో జైలు ఓవర్‌టైమ్‌కి ఇంత రాశారు. పోయినేడాది ఖర్చు ఇంతకంటే ఎక్కువైంది. మిగతాది ఎక్కణ్ణించి తెస్తారు? జైలర్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి?”

అంతే. “గుడ్ మార్నింగ్, ఈ అవకాశం ఇచ్చినందుకు...” అంటూ సాగదీస్తే అక్కడే సగం టైమ్ పోతుంది. ఇంగ్లీషు రాని అమ్మగారో నాన్నగారో మాట్లాడతానంటే రమ్మనండి. తెలుగులో చెప్పింది పక్కనుండి ఒకరు అనువదిస్తుంటే, మామూలుగా ఇచ్చే టైమ్‌కి కనీసం రెట్టింపు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. గంటలు గంటలు వేచి ఉండాల్సి రావచ్చు, పులిహోర డబ్బా ఏదైనా వెంట పెట్టుకోండి.

5. పన్ను రేటు ఓటింగ్‌కి మళ్లీ వెళ్లండి

చాలామంది ఇక్కడే మానేస్తారు. పన్ను రేటు ఖరారు చేయాలంటే అయిదుగురిలో కనీసం నలుగురు హాజరు కావాలి. 2022లో హ్యారిస్ కౌంటీలో ఇద్దరు కమిషనర్లు కావాలనే రాలేదు. పోలీసులకు కేటాయించింది చాలదన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. కోరం లేక అనుకున్న రేటు పాస్ కాలేదు, దానికంటే తక్కువ రేటు దానంతటదే అమల్లోకి వచ్చి అన్ని శాఖల పెంపులూ కుదించాల్సి వచ్చింది. అందులో షెరీఫ్‌కి అనుకున్నవీ ఉన్నాయి.